సిరా ఆరేలోపు

రోజుకో బొమ్మ గీయాలని సంకల్పం చెప్పుకుని కొన్న స్కెచ్ పుస్తకాలు చాలా ఇళ్ళలో పదో పేజీ దగ్గరో పదిహేనో పేజీ దగ్గరో ఆగిపోయి కనిపిస్తాయి. నా అల్మరాలో అలాంటివి నాలుగున్నాయి. ఎందుకు ఆగిపోయాయని అడిగితే తీరిక లేదనో, పట్టుదల చాలలేదనో, చెయ్యి తిరగలేదనో చెప్పడం అందరికీ అలవాటే. నేనూ చాలాకాలం అదే చెప్పాను. ఒకనాడు ఆ నాలుగింటినీ పక్కపక్కన పరిచి, గీసిన ఆఖరి పేజీలు తీసి చూశాను. మొదటిదానిలో నల్లసిరా గీతల మీద తడి కుంచె పడి, బొగ్గునీళ్ళు ఒలికినట్టు బొమ్మంతా అలికిపోయి ఉంది. రెండోదానిలో ఎదురెదురు పేజీలు అతుక్కుపోయాయి. విడదీయబోతే పైపొర ఊడి వచ్చింది. మూడోదానిలో కాగితం వేయించిన అప్పడంలా వంకర్లు తిరిగింది. నాలుగోదానిలో గీతలు శుభ్రంగానే ఉన్నాయి గాని, రంగు రేపు వేద్దామని వదిలేసిన పేజీలు వరసగా ఆరు ఉన్నాయి. బద్ధకం పాలు ఎంతో కొంత ఉండే ఉంటుంది, కాదనను. అయినా నాలుగు చోట్లా పని చెడగొట్టింది తడే.

పెన్ను, సిరా, నీటిరంగు ఈ మూడూ ఒకే పేజీ మీద కలవడం చూసేవాళ్ళకు చాలా తేలికగా అనిపిస్తుంది. గీత గీయడం, రంగు పూయడం, పుస్తకం మూయడం. నిజానికి మూడింటివీ మూడు వేగాలు. గీత గీయడానికి చేతికి క్షణం చాలు. ఆ గీత నీటికి కరగని స్థితికి రావడానికి సిరాను బట్టి, కాగితాన్ని బట్టి, కొన్ని సెకన్ల నుంచి ఒక పూట దాకా పట్టవచ్చు. దాని మీద వేసిన రంగు ఆరి, రెండో పూతకో పుస్తకం మూయడానికో వీలయ్యేసరికి ఊరినీ ఋతువునూ బట్టి ఐదు నిమిషాలు కావచ్చు, గంట కావచ్చు. రోజుకు 20 నిమిషాలు మాత్రమే తీయగలిగిన మనిషి ఈ మూడు వేగాలనూ ఆ 20 నిమిషాల్లో ఇమడ్చుకోవాలి. ఇమడనప్పుడు ఇవాళ్టి పని రేపటికి జరుగుతుంది, రేపు రెండు రోజుల పని మీద పడుతుంది, వారం తిరిగేసరికి పుస్తకం అల్మరా ఎక్కుతుంది. రోజువారీ అభ్యాసం గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం మనసు చుట్టూ, క్రమశిక్షణ చుట్టూ తిరుగుతాయి. నా లెక్కలో ముందు తేల్చుకోవలసినది ఆరుదల. మనసు సంగతి ఆ తరువాత.

ఈ లెక్క కొత్తదేమీ కాదు. ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ 1819లో ఇటలీ వెళ్ళి నేపుల్స్ పరిసరాల్లో తిరుగుతున్నప్పుడు, ఆరుబయట రంగులు వేద్దాం రమ్మని ఒక ఔత్సాహికుడు పిలిచాడట. అందుకు చాలా సమయం పడుతుందనీ, ఒక్క రంగు బొమ్మ వేసే వ్యవధిలో తాను 15, 16 పెన్సిల్ బొమ్మలు గీయగలననీ టర్నర్ గొణిగినట్టు ఆనాడు రాసిన ఒక ఉత్తరంలో ఉంది. ఆయన మరణానంతరం బ్రిటన్‌కు దక్కిన సంపదలో 300 దాకా స్కెచ్ పుస్తకాలున్నాయి, వాటిలో పెన్సిల్‌తో చకచకా గీసిన పేజీలు లెక్కకు మిక్కిలి. నీటిరంగుల్లో అంతటివాడని పేరుపడిన మనిషే దారిలో రంగుపెట్టె తెరవడానికి వెనుకాడాడంటే, ఆఫీసు నుంచి వచ్చి భోజనానికి ముందు ఒక బొమ్మ ముగించాలనుకునే మనం ఎంత ముందుచూపుతో ఉండాలో ఊహించుకోవచ్చు.

సిరా గట్టిపడే దారులు

దుకాణంలో సీసా మీద "వాటర్‌ప్రూఫ్" అన్న మాట చూసి కొనేస్తాం గాని, ఆ మాట వెనుక మూడు వేర్వేరు పద్ధతులున్నాయి. అవి తెలియకపోవడం వల్లనే పెన్నులు మూసుకుపోవడం, గీతలు అలికిపోవడం అనే రెండు కష్టాలూ వస్తాయి.

మొదటిది లక్క పద్ధతి. ఇండియన్ ఇంక్ పేరుతో దొరికే చిక్కటి నల్లసిరాలో రంగునిచ్చేది మసి. ఈ సిరా పుట్టిల్లు చైనా. సరుకు భారతదేశం మీదుగా వెళ్ళడంతో యూరప్‌లో మన పేరు తగిలించుకుంది. మసి ఒక్కటే నీళ్ళలో కలిపితే ఆరిన తరువాత వేలితో తుడిచినా పోతుంది. అందుకని అందులో ఒక జిగురు కావాలి. నేటి డ్రాయింగ్ ఇంకుల్లో చాలావాటికి ఆ జిగురు లక్క, అంటే చెట్ల కొమ్మల మీద లక్కపురుగు విడిచే పదార్థాన్ని శుద్ధి చేసినది. లక్క మామూలు నీళ్ళలో కరగదు, బోరాక్స్ వంటి క్షారం కలిపిన నీళ్ళలో కరుగుతుంది. సిరా ఆరగానే పలుచటి గట్టి పొరగా మారి, మసిని లోపల బిగించేస్తుంది. ఆ తరువాత దాని మీద ఎంత నీరు పోసినా గీత చెదరదు. పాళీని సీసాలో ముంచి గీసేవాళ్ళకు, కుంచెతో గీసేవాళ్ళకు ఇంతకంటే నమ్మకమైన సిరా లేదు. అయితే కాగితం మీద జరిగే ఈ గట్టిపడటం పెన్ను లోపల కూడా జరుగుతుంది. గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలో 1932లో మొదలై, స్వదేశీ వస్తువుగా గాంధీజీ 1935లో లేఖ రాసి మెచ్చుకున్న రత్నం పెన్నుల కాలం నుంచి మన ఇళ్ళలో డ్రాపర్‌తో పొట్టలోకే సిరా పోసుకునే పెన్నులు వాడుకలో ఉన్నాయి. వాటిలో పోసేది నీళ్ళలా పారే రాతసిరా. డ్రాయింగ్ ఇంకు పోయకూడదన్న సంగతి తెలియని వయసులో ఇంట్లో ఉన్న ఒక పాత పెన్నులో నేను ఆ పని చేశాను. మూడు రోజులు అద్భుతంగా రాసింది. నాలుగో రోజు నుంచి ఇప్పటిదాకా రాయలేదు.

రెండోది నలిపి దూర్చే పద్ధతి. ఇందులో జిగురు మీద అంతగా ఆధారపడరు. నల్లరంగు రేణువులను మైక్రాన్‌కు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు, లోపే ఉండేంత మెత్తగా చేసి, అవి ఒకదానికొకటి అంటుకోకుండా నీళ్ళలో తేలేటట్టు చూస్తారు. గీత పడగానే నీరు కాగితంలోకి ఇంకుతుంది, దానితో పాటు రేణువులు నారల మధ్య సందుల్లోకి దూరి అక్కడే ఇరుక్కుంటాయి. జపాన్‌లో సకురా కంపెనీ 1982లో పిగ్మా పేరుతో తెచ్చిన సిరా ఈ జాతిదే; ఇప్పుడు స్కెచ్ గీసేవాళ్ళ జేబుల్లో కనిపించే సన్న మొన పెన్నులు దాని సంతతి. ఫౌంటెన్ పెన్నులో పోసుకోవడానికి ప్లాటినం కార్బన్ వంటి సిరాలున్నాయి, అవి కూడా వారాల తరబడి పెన్నును వాడకుండా పక్కన పెడితే మొరాయిస్తాయి. పిగ్మా పెన్నుల మీది అంకెలు చాలామందిని తికమకపెడతాయి కాబట్టి ఒక మాట: 05 అని ఉన్నదాని గీత మందం అర మిల్లీమీటరు కాదు, 0.45, 01 అని ఉన్నది 0.25, 005 అని ఉన్నది 0.20. అరచేతి పెద్ద పేజీ మీద 01, 05 రెండూ ఉంటే చాలు. మూడో పెన్ను కొంటే ఏ గీతకు ఏది వాడాలన్న మీమాంసకు రోజూ రెండు నిమిషాలు పోతాయి.

మూడోది రసాయన పద్ధతి. దీని కోసం యూరప్ దాకా వెళ్ళనక్కరలేదు, శ్రీకాళహస్తి వెళితే చాలు. అక్కడి కలంకారీ కళాకారులు కరక్కాయ రసం కలిపిన పాలలో బట్టను ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి కసిమి అనే ద్రవం తయారుచేసుకుంటారు. వెదురు కలంతో ఆ ద్రవాన్ని బట్ట మీద గీసినప్పుడు కరక్కాయలోని వగరు పదార్థమూ, ఇనుమూ కలిసి నీటిలో కరగని నలుపుగా మారతాయి. గీత నల్లబడటం కళ్ళ ముందే కనిపిస్తుంది. యూరప్‌లో శతాబ్దాల పాటు దస్తావేజులు రాసిన సిరా రహస్యం కూడా ఇదే, అక్కడ కరక్కాయ బదులు మాచికాయ, కసిమి బదులు అన్నభేది అనే ఇనుప లవణం. ఈ సిరాతో గీసిన గీత మొదట లేత బూడిదరంగులో ఉండి, గాలి తగిలేకొద్దీ ముదురుతుంది. నారతోనే కలిసిపోతుంది కనుక నీటికి బెదరదు. కానీ ఆమ్లగుణం ఎక్కువ. ఉక్కు పాళీని తినేస్తుంది, ఎక్కువ పాళ్ళలో ఉంటే కాలక్రమంలో కాగితాన్నీ తినేస్తుంది. నేటి రాతసిరాల్లో దీని గాఢత తగ్గించినవి దొరుకుతాయి. రోజువారీ పుస్తకానికి ఇది తప్పనిసరి కాదు గాని, గీత కళ్ళ ముందే చిక్కబడటం చూస్తూ కూర్చోవడంలో ఒక సరదా ఉంది.

ఈ మూడింటికీ చెందని నాలుగో రకం మన బడి రోజుల సిరా. అది నీళ్ళలో పూర్తిగా కరిగిన అద్దకపు రంగు, తడి తగిలితే మళ్ళీ కరుగుతుంది. దీన్ని స్కెచ్ పుస్తకానికి పనికిరానిదని కొట్టిపారేయడం పొరపాటు. ఐదు నిమిషాలకు మించి వ్యవధి లేని రోజున కరిగే సిరాతో గీసి, ఉత్త నీటి కుంచెను గీత పక్కనుంచి లాగితే, గీతలోని రంగే పాకి నీడ అవుతుంది. రంగుపెట్టె తెరిచే పని లేదు, సిరా ఆరేదాకా ఆగే పని అసలే లేదు. కొన్ని నల్లసిరాలను ఇలా లాగితే అంచుల్లో నీలం, ఊదా, గులాబీ ఛాయలు విడివిడిగా బయటపడతాయి, ఆ నలుపు నిజానికి రెండు మూడు అద్దకాల కలయిక కాబట్టి. ఎండ తగిలే గోడకు వేలాడదీస్తే ఇవి వెలిసిపోతాయి. మూసి ఉండే పుస్తకంలో ఆ భయం తక్కువ.

ఏ సిరా ఎంతసేపట్లో ఆరుతుందో సీసా మీద రాసి ఉండదు. రాసినా మన కాగితానికి అది వర్తించకపోవచ్చు. పుస్తకం చివరి పేజీలో ఒక చిన్న పరీక్ష పెట్టుకుంటే తేలిపోతుంది. ఒకే పెన్నుతో పక్కపక్కనే ఆరు అడ్డగీతలు గీసి, మొదటిదాని మీద 10 సెకన్లకు, రెండోదాని మీద నిమిషానికి, తరువాతి వాటి మీద 3 నిమిషాలకు, 10 నిమిషాలకు, గంటకు, మర్నాటికి తడి కుంచె లాగాలి. నా సన్న మొన పెన్ను గరుకు కాగితం మీద నిమిషానికే నిలబడింది. అదే పెన్ను నున్నటి కాగితం మీద 3 నిమిషాలకు కూడా లేత మసి వదిలింది. సిరా ఒకటే, చెయ్యి ఒకటే. తేడా అంతా కింద ఉన్న కాగితానిది.

కాగితం, దాని గంజి

చీరల నేతలో పడుగుకు గంజి పెట్టడం మనకు తెలిసిన సంగతే. కాగితానికీ అలాంటిదే ఒకటి ఉంటుంది. నీరు తగలగానే అద్దుడు కాగితంలా పీల్చేసుకోకుండా, కాస్త ఆగి నెమ్మదిగా ఇంకేటట్టు చేయడానికి నీటిరంగుల కాగితానికి జెలటిన్ గాని మరో పదార్థం గాని పట్టిస్తారు. గుజ్జులో కలిపేది లోపలి పూత, తయారైన కాగితం మీద పట్టించేది పైపూత. ఈ పూత రంగుకు మేలు చేస్తుంది, సిరాకు ఆలస్యం చేస్తుంది. రంగు పైపైన నిలిచి కుంచెతో కదల్చడానికి వీలిస్తుంది. సిరా కూడా పైపైనే నిలిచి, నారల్లోకి దూరడానికి మొరాయిస్తుంది. పూత లేని కాగితం మీద దీనికి పూర్తిగా వ్యతిరేకం, గీత వెంటనే ఇంకి అంచులు చిమ్ముతుంది, రంగు పడ్డచోటే ఆగిపోయి మచ్చ కడుతుంది. పెన్నుకూ కుంచెకూ రెండింటికీ నచ్చే కాగితం వెతకడమంటే ఈ పూత దగ్గర రాజీ వెతకడమే. కోల్డ్ ప్రెస్ అనే గరుకు కాగితం రంగును అందంగా పట్టుకుంటుంది గాని సన్న మొనను అరగదీస్తుంది. హాట్ ప్రెస్ అనే నున్నటిది పెన్నుకు హాయి, రంగుకు కొంత మొండి. గీత ప్రధానంగా ఉండే పుస్తకానికి నేను నున్నటి వైపే మొగ్గుతాను. రంగే ప్రాణమనుకునేవాళ్ళు ఇందుకు ఒప్పుకోకపోవచ్చు.

మన కోస్తా జిల్లాల్లో నిల్వ ఉంచిన కాగితానికి మరో ప్రమాదం ఉంది. తేమకు జెలటిన్ పూత అక్కడక్కడ చెడిపోతుంది. పైకి ఏమీ తెలియదు. ఆకాశం కోసం పలుచటి నీలం పూస్తే, చెడినచోట రంగు లోపలికి ఇంకి చుక్కలు చుక్కలుగా ముదురు మచ్చలు తేలతాయి. అలాంటి కాగితాన్ని పారేయనక్కరలేదు, సిరా గీతలకు వాడుకోవచ్చు.

కాగితం మందాన్ని చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్కలో చెబుతారు. ఏ5 పేజీ, అంటే ఏ4లో సగం, చదరపు మీటరులో 32వ వంతు. కాబట్టి 150 గ్రాముల కాగితమైతే ఒక ఏ5 పేజీ 4.7 గ్రాములు, 300 గ్రాములదైతే 9.4 గ్రాములు తూగుతుంది. తడి తగిలినప్పుడు నారలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. తడిసిన భాగం పెరిగి, తడవని భాగం అలాగే ఉండిపోవడం వల్ల కాగితం వంకర్లు తిరుగుతుంది. మందం ఎక్కువైతే ఆ ఉబ్బును తట్టుకునే బలం ఎక్కువ. 200 గ్రాముల లోపు కాగితం మీద ఆకాశమంతా తడపాలనుకోవడం అప్పడాలకు ఏర్పాట్లు చేసుకోవడమే. నా మూడో పుస్తకం కథ అదే. కాని 300 గ్రాముల పుస్తకం 40 కాగితాలకే 375 గ్రాముల బరువు, అట్ట కాకుండా. ఒక్క వైపే గీస్తే 40 రోజులకు అయిపోతుంది, ఏడాదికి తొమ్మిది పైచిలుకు పుస్తకాలు కావాలి.

అందుకే నేను బైండు చేసిన పుస్తకాన్ని వదిలి పెద్ద షీటు దారి పట్టాను. 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు ఉండే ఇంపీరియల్ షీటును రెండు వైపులా నాలుగేసి సమభాగాలుగా మడిస్తే ఐదున్నర అంగుళాలు, ఏడున్నర అంగుళాలు ఉండే 16 ముక్కలు వస్తాయి. చేతికి ఇమిడే కొలత. ఒక షీటు 16 రోజులు, ఏడాదికి 23 షీట్లు. నూలు గుజ్జుతో చేసిన కాగితాన్ని కత్తెర పెట్టకుండా మడత మీద గోరుతో నొక్కి, స్కేలు ఆనించి చింపితే అంచు నూలుపోగులా మెత్తగా వస్తుంది. ముక్కలను ఒక అట్ట మీద క్లిప్పుతో బిగించుకుంటే బల్ల అక్కర్లేదు, ఎదురు పేజీ లేదు కనుక అతుక్కోవడమన్న సమస్యే లేదు. వెల ఎక్కువ కాగితం ముందు చెయ్యి వణకడం సహజం. 16 ముక్కల్లో ఒకటి అనుకుంటే ఆ వణుకు కొంత తగ్గుతుంది.

నీటి మెరుపు చూసి

నీటిరంగు అంటే రంగుపొడి, దాన్ని పట్టి ఉంచే తుమ్మజాతి బంక, ఎండి పెళుసెక్కకుండా గ్లిజరిన్ లేదా తేనె వంటి తేమపదార్థం. బంక నీళ్ళలో ఎన్నిసార్లైనా కరుగుతుంది. అందుకే ఎండిన రంగుబిళ్ళ తడి కుంచె తగలగానే లేస్తుంది, కాగితం మీద ఆరిన రంగు కూడా రుద్దితే లేస్తుంది. ఈ గుణమే దానికి వరం, దానికి శాపం.

తడి కాగితాన్ని పక్కవాటంగా వెలుతురుకు పట్టి చూస్తే దాని దశ తెలుస్తుంది. మొదట చెరువులా నిగనిగలాడుతుంది. అప్పుడు మరో రంగు తగిలిస్తే మబ్బులా పాకుతుంది. తరువాత నిగనిగ పోయి, తడిపిన పట్టుబట్టలా సన్నటి మెరుపు మిగులుతుంది. అప్పుడు తగిలించిన రంగు కొద్దిగా మాత్రమే పాకి మెత్తటి అంచు ఇస్తుంది. ఆ పైన మెరుపు మొత్తం పోతుంది, వేలి వెనుకవైపు తగిలిస్తే మాత్రం చల్లగా ఉంటుంది. బొమ్మలు పాడయ్యేది ఎక్కువగా ఈ మూడో దశలోనే. చూడటానికి ఆరినట్టుంటుంది కాబట్టి కుంచెలో నిండుగా నీరు తీసుకుని మళ్ళీ పెడతాం. ఎక్కువ తడి తక్కువ తడి వైపు దూసుకుపోతూ, సగం ఆరిన రంగురేణువులను తోసుకుంటూ వెళ్ళి, కాలీఫ్లవర్ అంచులాంటి మచ్చ మిగులుస్తుంది. దాన్ని సరిచేయబోతే ఇంకొకటి పుడుతుంది. చల్లదనం పోయేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం ఒక్కటే ఉపాయం.

ఆరిన రంగుపూతకు అంచులో ముదురు గీత ఏర్పడటం చాలామంది తమ చేతి తప్పు అనుకుంటారు. కాఫీ ఒలికిన బల్ల మీద మచ్చ చుట్టూ ఏర్పడే వలయానికీ దీనికీ కారణం ఒకటే. తడి చుక్క అంచు కదలకుండా నిలిచిపోయి, అక్కడ నీరు త్వరగా ఆవిరవుతుంది; ఆ లోటు భర్తీ చేయడానికి నడిమి నీరు అంచు వైపు ప్రవహిస్తూ రేణువులను మోసుకుపోతుంది. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 1997లో నేచర్ పత్రికలో దీన్ని వివరించారు. అంచు వద్దనుకుంటే, పూత తడిగా ఉండగానే తడిపి పిండిన కుంచెతో చివరను మెత్తబరచాలి. కావాలనుకుంటే అలాగే వదిలేయాలి. సిరా గీత ఉన్న బొమ్మలో ఆ ముదురు అంచు గీత పక్కన రెండో గీతలా నిలిచి అందాన్నే ఇస్తుందని నా అభిప్రాయం. మరో సంగతి, తడిగా ఉన్నప్పుడు సరిపోయినట్టు కనిపించిన రంగు ఆరాక ఒక మెట్టు వెలవెలబోతుంది. రేణువుల మధ్య నీరున్నప్పుడు వెలుగు లోపలికి పోతుంది, ఆ చోట గాలి చేరాక ఎక్కువగా చెదిరి తిరిగి వస్తుంది. కనుక ఒక్కపూతలో ముగించాలనుకునే రోజువారీ బొమ్మకు మొదటే కాస్త ముదురుగా కలుపుకోవాలి.

వాతావరణం పాత్ర ఇక్కడే. మే నెలలో హైదరాబాదులో మధ్యాహ్నం ఆకాశం పూయబోతే, కుంచె కుడి అంచుకు చేరేసరికి ఎడమ అంచు ఆరిపోయి గట్లు కడుతుంది. అదే శ్రావణంలో విశాఖపట్నంలో వేసిన పూత అరగంటైనా నిగనిగలాడుతూనే ఉంటుంది. మొదటి చోట కాగితం వెనుకవైపు తడపడం, చిన్న ముక్కల్లో పూయడం పనికొస్తాయి. రెండో చోట నీరు తగ్గించి, రంగు చిక్కగా పెట్టుకోవాలి. పొడి వాతావరణాల నుంచి వచ్చిన పాఠాల్లో "రెండు నిమిషాలు ఆగండి" అని ఉంటే, ఆ నిమిషాలు మనవి కావని గుర్తుంచుకోవాలి.

రంగుల సంఖ్య విషయంలో నేను పిసినారిని. అల్ట్రామరీన్ నీలం, బర్ంట్ సియన్నా అనే ఎరుపు గోధుమరంగు, ఒక పసుపు. బయటికి వెళ్ళేటప్పుడు ఇంతకు మించి తీసుకెళ్ళను. నీలమూ సియన్నా కలిస్తే పాళ్ళను బట్టి వెచ్చటి బూడిదరంగు నుంచి దాదాపు నలుపు దాకా నీడలన్నీ వస్తాయి, పసుపుకు నీలం చేర్చి చిటికెడు సియన్నా వేస్తే వేపాకు పచ్చ వస్తుంది. ఒకప్పుడు అఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ గనుల రాయి నూరి చేసి, బంగారంతో సమానంగా తూచిన ఈ అల్ట్రామరీన్‌ను పందొమ్మిదో శతాబ్దంలో కృత్రిమంగా చేయడం వచ్చాక, అది మన తెల్లబట్టలకు పెట్టే నీలం పొడి దాకా దిగివచ్చింది. దాని రేణువులు తడిలో గుంపులు కడతాయి కనుక, గరుకు కాగితం మీద ఇసుక చల్లినట్టు ఒక జాడ వస్తుంది. మట్టిగోడకూ, సిమెంటు నీడకూ ఆ జాడ బాగా నప్పుతుంది.

20 నిమిషాలు ఎలా గడుస్తాయి

మా వీధి మలుపులో వేపచెట్టు కింద ఒక ఇస్త్రీ బండి ఉంది. బొగ్గుల ఇస్త్రీపెట్టె, పక్కన మూటలు, తెల్లచొక్కాల దొంతర. దాన్ని ఎన్నిసార్లు గీశానో లెక్క లేదు. ముందుగా పెన్సిల్ లేకుండా 05 పెన్నుతో పెద్ద ఆకారాలు: బల్ల అడ్డగీత, చక్రం, పైన రేకు. చక్రం గుండ్రంగా రాకపోతే దాని పక్కనే మరో గీత గీస్తాను, మొదటిదాన్ని దాచే ప్రయత్నం చేయను. సిరాకు చెరుపుడు లేదు కనుక కన్ను కాగితం మీద కంటే బండి మీద ఎక్కువసేపు ఉండటం నేర్చుకుంటుంది. ఎనిమిదో నిమిషానికి గీతలు అయిపోవాలి. అప్పుడు సిరా ఆరడానికి రెండు మూడు నిమిషాలు కావాలి. ఆ వ్యవధిలో తేదీ, చోటు, వినబడిన ఒక మాట పేజీ మూలలో రాస్తాను. ఇక్కడ రాత ఒక అలంకారం కాదు, ఆగవలసిన నిమిషాలకు చేతికి ఇచ్చిన పని. తరువాత రంగు: బండి కింద నీడ ఒకే నిండు పూత, రేకుకు పలుచటి సియన్నా, చెట్టుకు ఒక్క పచ్చ. చొక్కాల దొంతరకు ఏమీ వేయను. కాగితపు తెలుపే చొక్కాల తెలుపు, వాటి పక్కన పడిన నీడే వాటికి మడతలు తెచ్చిపెడుతుంది. మొత్తం మూడు నాలుగు పూతలు, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో వెంట్రుకవాసి పొడి కాగితం వదులుతాను. తగలని పూతలు ఒకదాని కోసం ఒకటి ఆగనక్కరలేదు. ఇంటికి నడిచి వచ్చేలోపు పేజీ ఆరిపోతుంది.

రంగు ముందు వేసి, సిరా తరువాత గీయడం కూడా ఒక పద్ధతే; బొమ్మలో వెలుగు ముఖ్యమైతే అదే మేలు. అందులో షరతు ఒక్కటే, కాగితం లోపలిదాకా ఆరి ఉండాలి. చల్లదనం మిగిలి ఉండగా పెన్ను పెడితే గీతకు వేళ్ళు మొలుస్తాయి, బంక అంటుకుని సన్న మొన మూసుకుపోతుంది. వానాకాలంలో ఈ పద్ధతి పెట్టుకోవడం 20 నిమిషాల మనిషికి దండగ.

అలవాటు ఎన్నాళ్ళకు కుదురుతుందన్న ప్రశ్నకు 21 రోజులన్న జవాబు లోకంలో బాగా తిరుగుతోంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2009లో వెలువరించిన అధ్యయనంలో 96 మందిని 12 వారాలు గమనించారు. తిండి, నీళ్ళు, వ్యాయామం వంటి చిన్నపనులు అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి సుమారు 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారుతుందని, 12 వారాలు దాటిన వాటిని అంచనా వేసి, లెక్కగట్టారు. బొమ్మలు గీయడం వాళ్ళు పరిశీలించిన పనుల్లో లేదు, అందువల్ల ఆ అంకెను మనకు అచ్చంగా అతికించుకోకూడదు. అయితే మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు కుదరడం పెద్దగా దెబ్బతినలేదన్న వారి పరిశీలన మాత్రం నాకు చాలా పనికొచ్చింది. తప్పిన రోజుకు బదులుగా మర్నాడు రెండు బొమ్మలు గీయాలన్న నియమమే నా నాలుగో పుస్తకాన్ని ముంచింది. ఇప్పుడు తప్పిన రోజు తప్పిందే. రంగు వేయని గీత దొరికితే దాన్ని రంగు లేని బొమ్మగానే లెక్కవేసి, కింద తేదీ వేసి క్లిప్పులోంచి తీసేస్తాను.

ఆరు గీతల పరీక్షను కొత్త షీటు మొదలుపెట్టినప్పుడల్లా, అంటే 16 రోజులకోసారి, మళ్ళీ చేస్తాను. వేసవిలో నిమిషానికి నిలబడిన పెన్ను జూలైలో మూడో గీత దగ్గర కూడా మసి వదిలింది. ఆ నెలంతా కరిగే సిరాతోనే గీశాను.